విద్యుత్ వాహనములు – వంతుల విద్యుత్తు

గత విద్యా సంవత్సరంలో ఒకనాటి మధ్యాహ్నం మా కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలోని యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయినవి. కారణం వెదకగా, వరండాలోని ప్లగ్గులకు అయిదు విద్యుత్ స్కూటర్లు తగిలించి ఉన్నట్లు తేలినది. మరునాడే 'ఆవరణలో వాహనములకు ఛార్జింగ్ పెట్టరాదు' అను నోటీసు గోడకెక్కినది. ఆనాటి స్థితిలో ఎవరైనను ఆ పనే చేసి ఉందురు. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశం కాదు. అయితే ఆ అయిదుగురు విద్యార్థులలో ముగ్గురు అడవి అంచు గ్రామాల నుండి రోజూ రానూపోనూ అరవై కిలోమీటర్లు ప్రయాణించువారు. ఇంటి వద్ద సాయంత్రం ఛార్జింగ్ పెట్టుకొనరాదా అని అడిగితిమి. "మా ఊళ్ళ ఏడు గంటలకు కరెంటుకు బలముండదు సార్, ఛార్జరే బందైతది" అని ఒక విద్యార్థి బదులు చెప్పినాడు. ఆ ఒక్క మాటను అర్థం చేసుకొనుటకు మేము చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం. మేము భాష చెప్పుకొనువారమే గాని ఇంజనీర్లము కాము. కనుక విద్యుత్ శాఖలోని మిత్రులను, భౌతికశాస్త్ర శాఖలోని సహోద్యోగులను విసిగించి తెలుసుకొన్న సంగతులను విద్యార్థులకు తెలిసిన మాటలలోనే చెప్పుదుము.

ముందుగా ఒక మూలసూత్రం. నీటిని కుండలో పట్టి ఉంచినట్లు విద్యుత్తును తీగలలో పట్టి ఉంచలేము. మనము స్విచ్చి నొక్కిన క్షణముననే ఎక్కడో ఒక కేంద్రం ఆ మేరకు ఉత్పత్తిని పెంచవలెను. ఉత్పత్తి, వాడకం సరితూగుచున్నవా లేదా అనుటకు కొలబద్ద ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది సెకనుకు 50 ఆవృత్తులు, 49.90కు తగ్గకుండ, 50.05కు మించకుండ కాపాడవలెనని నియమం. వాడకం ఎక్కువైన ఫ్రీక్వెన్సీ తగ్గును, తక్కువైన పెరుగును. హైదరాబాదులోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం, బెంగుళూరులోని దక్షిణ ప్రాంతీయ కేంద్రం రాత్రింబవళ్ళు చూచుచుండునది ఈ తూకమునే. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ తక్కిన దేశంతో కలిసినది. నాటి నుండి మణుగూరులో మండే బొగ్గుకు, కాశ్మీరంలో వెలిగే దీపానికి ఒకే లయ.

తూకం తప్పినచో ఏమగునో 2012 జూలై 30, 31 తేదీలలో దేశం చూచినది. ఉత్తరాది గ్రిడ్ కూలిపోయినది. రెండవ నాడు తూర్పు, ఈశాన్య ప్రాంతాలు కూడ చీకటిలో మునిగినవి. దీనికి ప్రతిగా చెప్పదగిన రోజు 2020 ఏప్రిల్ 5. ఆ రాత్రి తొమ్మిది గంటలకు తొమ్మిది నిముషాలపాటు దేశమంతటా ఇళ్ళలో దీపాలు ఆర్పివేసినారు. సుమారు 31 వేల మెగావాట్ల వాడకం ఒక్క ఊపున పడిపోయినను గ్రిడ్ చెక్కుచెదరలేదు. ఎట్లు? ముందే తెలిసినది గనుక. జలవిద్యుత్ కేంద్రాలను సిద్ధముగా ఉంచి, దీపాలు ఆరుచుండగా తగ్గించి, వెలుగుచుండగా పెంచినారు. ఊహించిన పెద్ద మార్పును గ్రిడ్ మోయగలదు గాని, చెప్పక వచ్చిన గుంపును మోయుట కష్టం.

మన ప్రాంతం ఈ విషయంలో ఒక పాఠ్యపుస్తకం వంటిది. మణుగూరు వద్ద భద్రాద్రి థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, వెరసి 1080 మెగావాట్లు. పాల్వంచలో కిన్నెరసాని నీటితో నడుచు కొత్తగూడెం థర్మల్ కేంద్రం ఉన్నది. అందు ఏడవ దశ యూనిట్ ఒక్కటే 800 మెగావాట్లు. బొగ్గు కేంద్రం ఏనుగు వంటిది. బలమెక్కువ, మలుపు తక్కువ. పూర్తి సామర్థ్యంలో సుమారు 55 శాతం కన్నా దిగువకు దించి నడుపుట దానికి ఇబ్బంది, పూర్తిగా ఆపి మరల రగిలించుటకు గంటలు పట్టును. జలవిద్యుత్తు అట్లు కాదు, నిముషాలలో లేచును. ఒకనాడు ఖమ్మం జిల్లాలోనిదే అయిన మోతుగూడెం వద్ద 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రం అటువంటిది. 2014లో ఆ మండలంతోపాటు అది ఆంధ్రప్రదేశ్‌కు చేరినది. తెలంగాణకు ఇప్పుడు ఆ పని చేసిపెట్టుచున్నవి ముఖ్యముగా కృష్ణానది మీది కేంద్రాలు. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మిగులు విద్యుత్తుతో నీటిని వెనుకకు ఎత్తిపోసి, కావలసినప్పుడు మరల దించగలవు.

ఇక సూర్యుడు. 1889లో ఏ ఇల్లందు వద్ద సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైనదో, ఆ ఇల్లందులోనే నేడు సింగరేణి సంస్థ వారి 39 మెగావాట్ల సౌర కేంద్రం ఉన్నది. మణుగూరులో 30 మెగావాట్లది మరొకటి. రాష్ట్రమంతటా ఇటువంటివి పెరుగుచుండుటచే మధ్యాహ్నం పూట విద్యుత్తు సమృద్ధి. ప్రొద్దు గుంకగానే ఆ సమృద్ధి మాయమగును. సరిగా అదే వేళకు ఇంటింటా దీపాలు, పంకాలు, టెలివిజన్లు, వంటగది మిక్సీలు మేలుకొనును. తెలంగాణలో ఉదయం కూడ బరువైన వేళయే. యాసంగి పంటలకు మోటార్లు నడుచు కాలంలో, 2025 మార్చిలో, రాష్ట్ర గరిష్ఠ వాడకం 17 వేల మెగావాట్లు దాటినది. భారీ పరిశ్రమలకు ఉదయం 6 నుండి 10 వరకు, సాయంత్రం 6 నుండి 10 వరకు యూనిట్ ధర అధికముగా నిర్ణయించుటకు కారణం ఇదియే.

ఇప్పుడు విద్యుత్ వాహనమును ఈ చిత్రంలో నిలుపుదము. తెలంగాణ ప్రభుత్వం 2020లో విద్యుత్ వాహన విధానమును ప్రకటించినది. 2024 నవంబరులో సవరించి, 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుండి పూర్తి మినహాయింపును ప్రకటించినది. వాహనాలు పెరుగుట ఖాయం. 'ఇన్నింటికి కరెంటు ఎక్కడిది?' అను ప్రశ్న మా సిబ్బంది గదిలో తరచు వినబడును. ప్రశ్న తప్పు. ఎంత అని గాదు, ఎప్పుడు అని అడుగవలెను.

లెక్క వేసి చూతము. ఒక పల్లెలో 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదనుకొనుడు. అది సుమారు 95 కిలోవాట్లు మోయగలదు. అరవై ఇళ్ళు సాయంత్రం ఇంటికొక కిలోవాటు చొప్పున వాడిన 60 పోయి 35 మిగులును. ఆ పల్లెలో పది విద్యుత్ ఆటోలు, ఇరవై స్కూటర్లు ఉన్నవి. ఆటో ఛార్జరు 3 కిలోవాట్లు, స్కూటరు ఛార్జరు ముప్పావు కిలోవాటు. ఏడు గంటలకు అందరూ ఇల్లు చేరి ప్లగ్గు పెట్టినచో ఆటోలకు 30, స్కూటర్లకు 15, వెరసి 45 కిలోవాట్లు కావలెను. ఉన్నవి 35. ఫ్యూజు ఎగిరిపోవును, లేదా ట్రాన్స్‌ఫార్మర్ కాలును. ఇప్పుడు అదే వాహనాలకు ఆ రాత్రికి కావలసిన మొత్తం విద్యుత్తు ఎంత? ఆటోకు 8 యూనిట్లు, స్కూటరుకు 2. వెరసి 120 యూనిట్లు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఎనిమిది గంటలపాటు సమముగా పంచిన 15 కిలోవాట్లు చాలును. అందులోను అప్పటికి సగం ఇళ్ళు నిద్రలో ఉండును. అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే వాహనాలు. ఒక ఏర్పాటులో కాలిపోయినది, మరొక ఏర్పాటులో దానికి బరువే తెలియలేదు.

అట్లయిన అందరినీ రాత్రి పదికి పెట్టుకొమ్మని చెప్పిన సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పుటకు మన రైతుల కన్నా మంచి సాక్షులు లేరు. 2018 జనవరి 1న రాష్ట్రంలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలగుటకు పూర్వం, గ్రామాలను గ్రూపులుగా విభజించి కొన్ని గంటలు మాత్రమే త్రీఫేజ్ ఇచ్చెడివారు. తరచు అది రాత్రివేళయే. మా చిన్నతనమున మా చాచా టార్చిలైటు పట్టుకొని బావి వద్దకు బయలుదేరినప్పుడు, ఆయన తిరిగి వచ్చువరకు ఇంట్లో ఎవరూ కన్ను మూసెడివారు కారు. చీకటిలో పాము, తడి చేతితో స్టార్టరు, ఈ రెండింటి భయం. ఆ భయమునకు విరుగుడుగా వచ్చినవే ఆటో స్టార్టర్లు. కరెంటు వచ్చిన క్షణమున మోటారు దానంతట అదే లేచును, రైతు నిద్ర చెడదు. ఒక్కొక్క రైతు పక్షాన చూచిన ఎంతో తెలివైన ఏర్పాటు. కాని మోటారు లేచునప్పుడు నడుచునప్పటి కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగును. ఊరిలోని మోటార్లన్నీ ఒకే సెకనులో లేచిన ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకొనలేదు. 2017లో ఆటో స్టార్టర్లను తొలగించుకొనవలెనని ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేసినది ఇందువలననే. రాష్ట్రంలో అప్పటికి పంపుసెట్లు దాదాపు 23 లక్షలు.

చవక ధర పది గంటలకు మొదలగునని తెలిసిన ప్రతి వాహనదారుడు తన ఛార్జరు గడియారమును పదికే కుదిర్చిన, అది ఆటో స్టార్టరు కథయే మరల. బ్రిటన్ దేశం ఈ సంగతిని ముందుగా గ్రహించినది. అక్కడ 2022 జూన్ 30 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం ఇండ్లకు అమ్ము ప్రతి ఛార్జరు రద్దీ లేని వేళకే ముందుగా కుదిర్చి ఉండవలెను. అంతేగాక ఆ వేళ రాగానే లేవక, పది నిముషాల లోపు ఎంతో కొంత ఆలస్యం తనంతట తాను ఎంచుకొని లేవవలెను. ఒకటి రెండవ నిముషమున, ఒకటి ఏడవ నిముషమున. ఇంత చిన్న కిటుకు మన ఆటో స్టార్టర్లలో నాడు ఉండినచో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు బ్రతికెడివో!

ధర ద్వారా వేళను సూచించుట మన దేశంలోను మొదలైనది. 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలలో, సూర్యకాంతి వేళలందు ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండవలెనని కేంద్రం చెప్పినది. 2024 సెప్టెంబరు మార్గదర్శకాలు ఛార్జింగ్ కేంద్రాలకు ఉదయం 9 నుండి సాయంత్రం 4 వరకు సరాసరి సరఫరా వ్యయంలో 0.7 వంతు, తక్కిన వేళలందు 1.3 వంతు ధరను నిర్దేశించినవి. మంచిదే. కాని ధర ఒక్కటే నీతి తప్పని న్యాయాధికారి కాదని మా అభిప్రాయం. పగలంతా ఆటో నడిపిన గాని పూట గడవని డ్రైవరు పగటి చవక ధరను ఎట్లు అందుకొనగలడు? ఇంటివద్ద నాలుగు చక్రాల వాహనం ఊరక నిలిపి ఉంచుకొనువానికి అది సులభం.

ఇక అడవి అంచు గ్రామాల సంగతి. ఉత్తర తెలంగాణ పంపిణీ సంస్థ పరిధిలో చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాలకు తీగలు అడవి గుండా ఎంతో దూరం సాగిపోవలెను. గాలివానకు కొమ్మ విరిగిన లైను ఆగును. అది వేరొక కథ. మామూలు రోజున కూడ తీగ పొడవు కొలది వోల్టేజి జారును. కాలువ చివరి ఆయకట్టు వంటిదే లైను చివరి పల్లె. ఇచట ఛార్జరు స్వభావం ఒకటి తెలియవలెను. పాత బల్బు వోల్టేజి తగ్గిన మినుకుమినుకుమని తక్కువ కరెంటు తీసుకొనును. లేమిలో సర్దుకొను మనిషి వంటిది. ఛార్జరు సర్దుకొనదు. దానికి 3 కిలోవాట్లు కావలెనన్న కావలసినదే. 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్లు లాగునది, 180 వోల్టులకు దిగిన దాదాపు 16.7 లాగును. తీగలో నష్టం కరెంటు వర్గమును బట్టి పెరుగును గనుక, అదే తీగలో నష్టం సుమారు 63 శాతం హెచ్చును. దానితో వోల్టేజి ఇంకను జారును, ఛార్జరు ఇంకను లాగును. ఒక హద్దు దిగిన పిమ్మట తనను తాను కాపాడుకొనుటకు ఆగిపోవును. మా విద్యార్థి చెప్పిన 'బందైతది' అను మాటలో ఇంత శాస్త్రమున్నది. ఆ లోగా ప్రక్క ఇంటి పంకా ఎట్లు తిరుగుచున్నదో ఊహించుకొనుడు. మంచి ఛార్జరు ఈ స్థితిలో వోల్టేజిని చూచి తన కోరికను తగ్గించుకొనవలెను. అటువంటి ఏర్పాటు సాధ్యమే, ఖరీదైనది కూడ కాదు.

దీనికి సరిగ్గా ఎదురు కొసన భద్రాచలం ఉన్నది. శ్రీరామనవమి నాడు దూరప్రాంతాల నుండి వేలాది వాహనాలు వచ్చును. హైదరాబాదు నుండి మూడువందల కిలోమీటర్ల పైబడి వచ్చిన విద్యుత్ కారుకు తిరుగు ప్రయాణానికి ఛార్జింగ్ కావలసినదే. 60 కిలోవాట్ల వేగవంతమైన ఛార్జర్లు పది ఒకేసారి నడిచిన 600 కిలోవాట్లు; మన లెక్కలోని పల్లె ట్రాన్స్‌ఫార్మర్లు ఆరింటి కన్నా ఎక్కువ. అయితే చూడుడు, కల్యాణం జరుగునది మిట్టమధ్యాహ్నం. భక్తులు ఉదయమే చేరి, నాలుగైదు గంటలు మండపం వద్ద ఉందురు. వాహనాలు ఆ వేళ పార్కింగు మైదానంలో ఊరక నిలిచియుండును. పైన చైత్రమాసపు ఎండ. కార్లకు వేగముతో పనిలేదు. పార్కింగు వద్ద చిన్న ఛార్జర్లు అనేకం ఉంచి, మెల్లగా, సౌరవిద్యుత్తు పొంగుచున్న వేళనే నింపవచ్చును. ఆ పండుగ ముహూర్తం గ్రిడ్‌కు కూడ శుభముహూర్తమే.

వాహనాలు, గ్రిడ్ ఒకదానితో ఒకటి మాటలాడుకొనుటకు యంత్రభాషలు కలవు. ఛార్జరు, నియంత్రణ కేంద్రం మాట్లాడుకొను భాష ఒకటి అంతర్జాతీయముగా స్థిరపడినది; ఏ కంపెనీ ఛార్జరైనను ఆ భాష తెలిసిన చాలును, 'ఇప్పుడు ఆగుము', 'సగమే తీసుకొనుము' అన్న ఆజ్ఞ అర్థమగును. రెండు భాషల కళాశాలలో పనిచేయు మాకు ఇది ప్రత్యేకముగా నచ్చినది. వాహనపు బ్యాటరీ నుండి గ్రిడ్‌కు తిరిగి విద్యుత్తు ఇచ్చు పద్ధతి కూడ ఉన్నది గాని, మన పల్లెలకు అది ఇంకను దూరపు మాట.

ఆజ్ఞ ఇచ్చువారెవరు అన్నదే అసలు ప్రశ్న. మన ప్రాంతపు చెరువుల క్రింద నీరటి అను ఉద్యోగి ఉండెడివాడు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసిన బయ్యారం పెద్దచెరువు మొదలు చిన్న కుంట వరకు, ఏ పొలానికి ఏ వేళ నీరు విడువవలెనో తూము వద్ద నిలిచి నిర్ణయించువాడు ఆయన. తూము ప్రక్కనే ఉన్న మోతుబరి పొలం ముందుగా తడియుట సహజం. నీరటి నేర్పు చివరి మడి తడియుటలో తెలిసెడిది. ఉర్దూలో 'బారీ' అన్నను, తెలుగులో 'వంతు' అన్నను భావమొక్కటే. ఛార్జింగ్‌కు నేడు కంప్యూటరు నీరటి పని చేయగలదు. అయితే దానికి ఏమి నేర్పవలెనో మనుషులే నిర్ణయించవలెను. ఎక్కువ ధర ఇచ్చువానికి ముందు అని నేర్పిన అది అట్లే చేయును. లైను చివరి పల్లె వోల్టేజి పడిపోకుండ చూడుమని నేర్పిన అదియు చేయును.

ఇక కళాశాల నోటీసు వద్దకు తిరిగి వత్తుము. మన తరగతులు పది నుండి నాలుగు వరకు. సూర్యకాంతి వేళలు తొమ్మిది నుండి నాలుగు వరకు. ఈ రెండును దాదాపు ఒకటేనని గమనింపుడు. పట్టణపు సబ్‌స్టేషన్ చెంతనే ఉన్న మన ఆవరణలో మధ్యాహ్నం 2 యూనిట్లు నింపుకొన్న స్కూటరు, లైను చివరి పల్లెకు వెళ్ళి ఆ సాయంత్రం అక్కడి తీగను ముట్టుకొనదు. పట్టణపు మధ్యాహ్నమును బ్యాటరీలో మోసుకొని పోవుచున్నదన్నమాట. తీగ మోయలేని బరువును చక్రాలు మోయును.

కనుక కమిటీ పెద్దల ముందు మేము ఉంచు ప్రతిపాదన ఇది. ప్రయోగశాల లైనుతో సంబంధం లేకుండ, వేరు మీటరు, వేరు ఎం.సి.బి.తో సైకిళ్ళ షెడ్డులో పన్నెండు ప్లగ్గులు పెట్టించవలెను. ముప్పావు కిలోవాటు ఛార్జరుతో 2 యూనిట్లు నిండుటకు సుమారు మూడు గంటలు. కనుక ఆరుగురు ఉదయపు వంతు, ఆరుగురు మధ్యాహ్నపు వంతు. ఏ క్షణమునను బరువు నాలుగున్నర కిలోవాట్లు మించదు. రోజుకు మొత్తం 24 యూనిట్లు. షెడ్డు కప్పు మీద 6 కిలోవాట్ల సౌరపలకలు వేసిన దాదాపు అంతే ఉత్పత్తి యగును. స్థలం సుమారు 600 చదరపు అడుగులు, అది మన షెడ్డుకు ఉన్నది. వంతుల పట్టిక వ్రాయుటకు భౌతికశాస్త్ర విద్యార్థులు ఇద్దరు ముందుకు వచ్చినారు. ట్రాన్స్‌ఫార్మర్ వద్ద అరగంటకొకసారి వోల్టేజి వ్రాసి ఉంచుటకు కూడ వారు ఒప్పుకొన్నారు.

ప్లగ్గులు పన్నెండు, అడుగువారు అప్పుడే పంతొమ్మిది మంది. ఎవరికి ముందు అన్న దాని మీద విద్యార్థులలో వాదం జరిగినది. ముందు వచ్చినవారికే అని కొందరు, మార్కులను బట్టి అని ఒకరు (నవ్వులాటకే అనుకొందుము), రుసుము చెల్లించినవారికని కొందరు అన్నారు. చివరకు పట్టిక మొదటి వరుసలో వ్రాసిన ముగ్గురి పేర్లు ఆనాడు వరండాలో ప్లగ్గు పెట్టి పట్టుబడిన అడవి అంచు పల్లెల విద్యార్థులవే. దూరమును బట్టి వంతు అని తీర్మానించినది మేము కాదు, విద్యార్థులే.